సున్నా మీట

ఆదోని పత్తి మిల్లులో
వేబ్రిడ్జి గది కంప్యూటర్ మూత విప్పినప్పుడల్లా
లోపల ఒక చిన్న పరుపు దొరుకుతుంది నాకు.
ఫ్యాను రెక్కలకు పేనుకున్న దూది,
పద్దెనిమిదేళ్లుగా గాలితో పాటు పీల్చిన దూది.
బ్రష్షు పెట్టి లాగితే
ఏకులా సాగి వస్తుంది, తెగకుండా.

"వత్తులు చేసుకోవచ్చు గదప్పా," అంటుంది ఉరుకుందమ్మ
తూకం చీటీల నుంచి తలెత్తకుండా.

కదిలేది ముందు అరుగుతుంది,
పని నేర్పిన ఇమాంసాబు మాట ఇది:
ఫ్యాను, డిస్కు, మీటలు.
కదలనిదాన్ని వేడి తింటుంది.
ఆయన చెప్పనిది ఒకటి నేను చూశాను.
వాడకుండా మూల పెట్టినదీ దక్కదు,
గ్రీజు గడ్డకట్టి, మరుసటేడు స్విచ్చి వేస్తే
ఒకసారి మూలిగి ఊరుకుంటుంది.

మే నెల పగలంతా ఈ రేకుల గది పెనం.
బోర్డు మీద తగరం అతుకులు సాగుతాయి,
రాత్రికి ముడుచుకుంటాయి,
సాగి ముడిచి, సాగి ముడిచి
చివరికి వెంట్రుకంత చీలిక.
మా నల్లరేగడి పగిలే తీరే,
కాకపోతే భూతద్దం పెట్టి చూడాలి.
ప్రాసెసరు నెత్తిన నేను పూసిన వెన్నలాంటి పేస్టు
పాత గోడ సున్నంలా పొడిపొడిగా రాలింది.
కెపాసిటర్లు మూడు ఉబ్బి ఉన్నాయి,
బూజుపట్టిన ఊరగాయ డబ్బా మూతల్లా.

కీబోర్డులో అక్షరాలన్నీ కొత్తవే.
అంకెలే పోయాయి.
ఐదు అసలు లేదు, సున్నా గుంట పడింది.
"మొన్న రేషన్ మిషను నా వేలు పట్టల్యా,"
చూపుడు వేలు నా ముందు పెట్టింది ఉరుకుందమ్మ.
మీట మీద అంకె, వేలి మీద గీత,
ఏది దేన్ని అరగదీసిందో
ఏ మీటరు పెట్టి చూడను?

హార్డ్‌డిస్కు టిక్కుమంటుంది. ఆగి, మళ్లీ టిక్కు.
ఆమె బల్ల మీద వేలితో తట్టి
"సత్యం, సత్యం" అంటుంది.
"బల్లి కాదమ్మా అది."
"తెల్సులే. పలికింది గదా, అది సాలు."

రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది లోపల.
కొత్తది వేశాను, పట్టుకునే రేకు విరిగి నిలవదు.
కరెంటు పోయి వచ్చిందంటే దానికి
రెండువేల ఆరు, జనవరి ఒకటి.
పొద్దున్నే ఆమె తేదీ నేర్పాలి, పలక పట్టించినట్టు.
ఒకనాడు మరిచింది.
కోసిగి తిక్కయ్య చీటీ చదివించుకున్నాడు.
ప్రింటరు తొమ్మిది సూదుల్లో ఒకటి విరిగినందుకు
ఆయన పత్తి బరువు మధ్యలో తెల్లగీత,
ఎనిమిది నడుముకు తెగి రెండు ముక్కలు.
అది చూడలేదాయన. తేదీ విని నవ్వాడు.
"రెండువేల ఆరా! ఆ పొద్దు నా బోర్లో నీళ్లుండె.
ధర ఇప్పటిదే కట్టండి సామీ,
నీళ్లు అప్పటివి ఇయ్యండి."

పీర్ల పండగకు మిల్లు మూస్తూ అడిగింది, "ఆర్పేదా?"
"ఆర్పొద్దు. నడిచేదాన్ని నడవనీ.
ఆగితే మళ్ల లేస్తాదని నేను మాటియ్యలేను."
మూడు రోజులు తాళం.
చీకట్లో ఒక పచ్చదీపం, ఒక ఫ్యాను,
దాని దూది అది పేనుకుంటూ.

నాలుగో పొద్దు నన్ను పిలిపించింది.
తేదీ సరిగానే ఉంది.
కాటా మీద బండి లేదు, మనిషి లేడు,
తెర మీద ఇరవై కిలోలు.
కింద లోడ్‌సెల్ పోయిందనుకుని
స్క్రూడ్రైవరు తీశాను.
ఆమె బయటికి వెళ్లి చూసి వచ్చింది,
చెప్పుల నిండా బురద.

"వానప్పా. పలక మీద నిలిచింది."

గేటు దగ్గర మొదటి ట్రాక్టరు హారను కొడుతోంది.
గుంటపడ్డ సున్నా మీద వేలు పెట్టి
ఉరుకుందమ్మ
ఇంకా నొక్కలేదు.